జెండా ముడి

మా అపార్టుమెంట్లో జెండా కట్టే పని నాది. ఎవరూ అప్పగించలేదు. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది ఆగస్టు పదిహేను పొద్దున, వాచ్‌మన్ మెట్ల కింద చెప్పులు విడిచే చోట జెండా పరిచి పూలు చల్లుతుంటే బాల్కనీలోంచి చూశాను. ఊరుకోలేక దిగి వెళ్ళి లాక్కున్నాను. అతను చాలా సంతోషంగా ఇచ్చేశాడు. అప్పటినుంచి ఏడాదికి రెండుసార్లు నేనే కడుతున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ బళ్ళో ఉంటే ఆ బళ్ళో జెండా కట్టిన పంతులమ్మను కనుక నాకిది కొత్త కాదు.

పోయినసారి పై అంతస్తు చిన్నపిల్ల ఒకతి నా పక్కనే నిలబడి అంతా చూసింది. "అమ్మమ్మా, ముడి కట్టి మళ్ళీ విప్పావు, మళ్ళీ కట్టావు. ఎందుకు?" అని అడిగింది. సరిగ్గా ఉందో లేదో చూస్తున్నానన్నాను. అది సగం జవాబు. మిగతా సగం చెప్పాలంటే గోదావరిఖని దాకా వెళ్ళాలి. పూల రేకులు ఏరుకోవాలన్న తొందరలో ఉన్న పిల్లకు అంత ఓపిక ఎక్కడిది?

నా చిన్నప్పుడు గోదావరిఖని ఇంకా పూర్తిగా ఊరు కాలేదు. సగం అడవే. బొగ్గు గనిని మావైపు బాయి అంటారు. ఒక బాయి తర్వాత ఒక బాయి తవ్వుతూ పోతుంటే వాటి వెనకాలే కంపెనీ క్వార్టర్లు వరసలు వరసలుగా లేచేవి. రెండు గదులు, ముందొక అరుగు, వెనకొక దొడ్డి. సైరన్ కూతకు లేచేవాళ్ళం, సైరన్ కూతకు తినేవాళ్ళం. బొగ్గు కంపెనీ ఇచ్చేది కనుక సాయంత్రమయ్యేసరికి ప్రతి ఇంటి ముందూ పొయ్యి రాజుకునేది. ఆ పొగలో సర్వపిండి కాలుతున్న వాసన కలిస్తే అదే మా ఊరి వాసన.

ఇక నలుపు సంగతి చెప్పనక్కరలేదు. దండెం మీది బట్టల మీద, కడవలోని నీళ్ళ మీద, మూత మరిచిపోతే పెరుగు మీద కూడా సన్నటి నల్లటి పొడి. మా లైన్లో తెల్లబట్టలు కట్టే ధైర్యం ముగ్గురికే ఉండేది. ఒకరు మా బడి పెద్దసారు, ఇంకొకరు చర్చి పాస్టరు, మూడోవాడు అప్పుడే పెళ్ళయిన పిల్లగాడు. మూడోవాడిది వారం రోజుల ముచ్చట.

మా నాన్న, అంటే మా బాపు, ఖలాసీ. బాయిలోకి మోటారు దించాలన్నా, చెడిపోయిన పంపు పైకి తేవాలన్నా ఖలాసీలే కావాలి. తాళ్ళూ కప్పీలూ వేసుకుని ఓ పదిమంది కలిసి చేసే పని అది. ఆ పదిమందిలో ముడి వేసేది బాపు. రెండెడ్ల బండికి మించిన బరువు, ఏటవాలు దారిలో ఒక్క తాడు పట్టు మీద కిందికి దిగుతుంటే, ఆ కింద మనుషులుంటారు. ముడి జారితే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. బాపు వేసిన ముడి విప్పడానికి చేతివేళ్ళు చాలవు. మొనదేలిన ఇనుప పుల్ల ఒకటి డ్యూటీకి పోయేటప్పుడు నడుముకు దోపుకుని పోయేవాడు.

ఇంట్లోనూ అదే చెయ్యి. చేద తాడు, కట్టెల మోపు, మేకపిల్ల మెడతాడు, ఏది కట్టినా పీటముడే. ఒకసారి మా అవ్వకు జ్వరమొచ్చి, బాపు నా జడలకు రిబ్బన్లు కట్టాడు. సాయంత్రం అవ్వ పళ్ళతో లాగి, గోళ్ళతో గీరి, చివరికి కత్తెర తెచ్చింది. మావైపు చాలా ఇళ్ళల్లో తల్లిని అవ్వ అనే పిలిచేవాళ్ళం.

"పెండ్లిల మూడు ముళ్ళెయ్యుమంటే ఏడు ముళ్ళేసిండు మీ బాపు. ఇయ్యాల్టికి ఇప్పుకోలేకపోతున్న" అంది, కత్తిరించిన రిబ్బను ముక్క చూపిస్తూ.

బాపు నవ్వలేదు. "ముడంటే ఇడువొద్దు" అన్నాడు. ముళ్ళ మీద ఎవరు పరాచికమాడినా ఆయన అనే మాట ఆ ఒక్కటే.

మా ఎదురింట్లో ఒక కాక ఉండేవాడు. మాకు చుట్టమేమీ కాదు, కిరస్తానీ. బాపుతో కలిసి ఖలాసీ పని చేస్తుండగా, నేను చేతుల పిల్లగా ఉన్నప్పుడు, బాయిలో కుడికాలు మోకాలి దాకా పోయింది. ఆ తర్వాత తేలిక పని కింద మా బళ్ళో గంట కొట్టడానికి పెట్టారు. ఆదివారం చర్చి గంట కూడా ఆయనే కొట్టేవాడు. "గాడయినా గంటే, గీడయినా గంటే. దేవుడూ పెద్దసారూ ఇద్దరూ టయానికే రమ్మంటరు" అనేవాడు. రోజూ పొద్దున బాపు నల్లా దగ్గర నుంచి రెండు బిందెలు ముందు కాక ఇంట్లో పోసి, ఆ తర్వాతే మాకు తెచ్చేవాడు. ఫస్టు షిఫ్టుకు ఆలస్యమైనా ఆ వరస తప్పేది కాదు. పక్కవాళ్ళకు సాయం చేయడం అంటే ఇదే కాబోలనుకునేదాన్ని.

మా పెద్దసారుకు జెండా అంటే ప్రాణం. జెండా పండుగ ఇంకా నెల ఉందనగా మొదలుపెట్టేవాడు. పొడవు మూడు పాళ్ళయితే ఎత్తు రెండు పాళ్ళుండాలి. కాషాయం ఎప్పుడూ పైనే. తెలుపు నడుమ ముదురు నీలం చక్రం, దానికి ఇరవై నాలుగు ఆకులు, అవి రెండువైపులా కనపడాలి. బట్ట ఖద్దరే అయ్యుండాలి. ఎగరేయడం చురుగ్గా, దించడం నెమ్మదిగా. పొద్దు కుంకే లోపల దించెయ్యాలి. నేలకు తగలరాదు, నీళ్ళలో ఈడవరాదు, చినిగినదాన్ని ఎగరేయరాదు. ఇవన్నీ మేము ఎక్కాల్లా అప్పగించేవాళ్ళం. మాలో ఒకడు ఓసారి, "సార్, జెండా మీద పిట్ట రెట్టేస్తే?" అని అడిగి గుంజీలు తీశాడు. కానీ ఆ ప్రశ్నకు సారు దగ్గర జవాబు లేదని మాకు తెలిసిపోయింది.

ఆ ఏడు నేను ఆరో తరగతి. జెండా గురించి మాట్లాడటానికి నన్ను ఎంచుకున్నారు. బాయి మేనేజర్ సాబు ముందు, మొత్తం కాలనీ ముందు. నాకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు. కాషాయం త్యాగం, తెలుపు సత్యం, శాంతి, ఆకుపచ్చ పాడిపంటలు, చక్రం ధర్మం. నడుస్తూ, తింటూ, మేకకు ఆకు వేస్తూ అదే పాఠం. బాపు అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ వినేవాడు.

"నడుమ కప్పీ పెట్టిండ్రు. గది మంచిగ జేసిండ్రు" అన్నాడొకనాడు.

"కప్పీ కాదు బాపూ, ధర్మచక్రం. ఇరువై నాలుగు ఆకులుంటయి."

"మా కప్పీకి ఆరే ఉంటయి. అయినా బరువు మోస్తది."

పండుగకు రెండు రోజుల ముందు జెండా ఉతికే పని మా అవ్వకు పడింది. మరకలు వదిలించడంలో అవ్వకు పేరుంది. పెద్దసారు జెండాను వెండిపళ్ళెం పట్టుకున్నట్టు రెండు చేతుల మీద తెచ్చి షరతులు చెప్పాడు. వేరే బట్టలతో కలపొద్దు, బండకేసి కొట్టొద్దు, దండెం మీద చీరల పక్కన వేయొద్దు.

"మరి ఎట్ల ఆరెయ్యాలె సారూ?" అంది అవ్వ.

సారు కాసేపు ఆలోచించాడు. "నలుగురు పిల్లలు నాలుగు కొసలు పట్టుకోవాలె" అన్నాడు.

అలా మేము నలుగురం ఆడపిల్లలం మా దొడ్లో జెండా కొసలు పట్టుకుని, ఆరేదాకా నిలబడ్డాం. ఆగస్టు ఎండ మబ్బుల్లోంచి వచ్చీ పోతూ ఉంటుంది, బట్ట తొందరగా ఆరదు. చేతులు లాగుతున్నాయి. ముక్కు దురద పెడితే గోక్కోవడానికి లేదు. దించితే నేలకు తగులుతుంది, వదిలితే దేశానికి అవమానం. మేము అంత నిష్ఠగా నిలబడి ఉంటే, అవ్వ అంత కష్టపడి తెల్లగా చేసిన నడిమి పట్టీ మీద బొగ్గు పొడి మెల్లగా రాలుతూనే ఉంది. అవ్వ మళ్ళీ ఉతికింది. ఈసారి నీలిమందు కాస్త ఎక్కువ పడింది. పెద్దసారు చూసి, "అమ్మా, తెలుపంటే తెలుపే. ఆకాశం గాదు" అన్నాడు. అయినా తీసుకుపోయాడు.

పండుగ ముందు రోజు ఇంకో చిక్కు వచ్చింది. ఏటా జెండా కట్టే డ్రిల్లు సారు చలిజ్వరంతో దవాఖానలో పడ్డాడు. పెద్దసారుకు జెండా గురించి తెలియనిది లేదు, ఒక్క ముడి తప్ప. అప్పుడు గంట కొట్టే కాకే, "ఫికర్ ఎందుకు సారూ? ముడంటే మా ఎదురింటన్నదే ముడి" అని చెప్పాడట. ఫస్టు షిఫ్టు దిగి, స్నానం చేసి, తలకు నూనె రాసుకుని బాపు బడికి వచ్చాడు. అంత శుభ్రంగా ఆయన్ని పెళ్ళిళ్ళప్పుడే చూసేవాళ్ళం.

పెద్దసారు గదిలో బల్ల మీద జెండా పరిచి, బంతిపూల రేకులు చల్లి, మడత పెట్టారు. నేను కిటికీ దగ్గర నిలబడి పాఠం వల్లె వేసుకుంటున్నాను.

"ఇప్పుడు కట్టయ్యా. మేనేజర్ సాబు కిందికెల్లి గుంజితే ఇడిపోవాలె" అన్నాడు సారు.

బాపు తాడు పట్టుకుని ఆయన వంక చూశాడు. "గుంజితే ఇడిపోయేది ముడెట్లయితది సారూ?"

"జెండా ముడి గట్లనే ఉంటది."

బాపు తల ఊపి కట్టడం మొదలుపెట్టాడు. డ్రిల్లు సారు మాకు ఎన్నోసార్లు చూపించాడు కనుక ఆ ముడి నాకు తెలుసు. మడత చుట్టూ తాడు తిప్పి, కొసను మడిచి, ఆ మడతను లోపలికి దోపి వదిలేయాలి. అక్కడితో సరి. బాపు తిప్పాడు, మడిచాడు, దోపాడు. ఆ తర్వాత మిగిలిన కొసను ఇంకో చుట్టు తిప్పి, కింద నుంచి తీసి బిగించాడు. నేను చూశాను. తప్పని తెలుసు. నోట్లో ఆకుపచ్చ పాడిపంటలు ఉన్నాయి. చక్రం దగ్గర తడబడుతున్నాను. ఇంత పేరున్న ముళ్ళవాడికి నేను చెప్పడమేమిటని కూడా అనిపించింది. చక్రంలోకి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున సన్నటి తుంపర పడి వెలిసింది. కాక జెండా మూటను కొయ్య చివరికి లాగి ఉంచాడు. బడి ముందు కాలనీ అంతా చేరింది. బూందీ బుట్ట వాసన గాలి మీద వస్తోంది. మాలో సగంమంది దేశభక్తి అటువైపే ఉంది. నా జాకెట్టుకు కాగితం జెండా, దానికి పిన్నీసు. మేనేజర్ సాబు వచ్చాడు, చెప్పులు విడిచాడు, తాడు లాగాడు.

మూట ఊగింది. విడిపోలేదు.

మళ్ళీ లాగాడు. మళ్ళీ ఊగింది. మూడోసారి గట్టిగా లాగితే కొయ్యే కొంచెం వంగింది. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దసారు తెల్లచొక్కా వీపు మీద చెమట పట్టింది. "దించుండ్రి, మెల్లగ, నెమ్మదిగ" అన్నాడు. అంత గాభరాలోనూ దించే పద్ధతి మరిచిపోలేదు మహానుభావుడు.

జనంలోంచి బాపు ముందుకు వచ్చాడు. జెండా నేలకు తగలకుండా ముంజేతుల మీదికి తీసుకుని ముడి పట్టుకున్నాడు. రాత్రంతా బిగుసుకుని, పొద్దున తడిసి, ముడి రాయైంది. ఇనుప పుల్ల ఇంట్లో ఉంది. గోళ్ళతో కాలేదు. వంగి పళ్ళతో పట్టుకోబోయాడు.

"నోరు పెట్టకు! జెండా!" అని అరిచాడు పెద్దసారు.

బాపు తలెత్తాడు. ఎదురుగా మెట్ల మీద నేనున్నాను. "బిడ్డా, గా పిన్నీసు ఇటియ్యి" అన్నాడు.

నేను వినలేదు. అంటే, విన్నాను. విననట్టు నిలబడి జెండాకొయ్య మొదట్లో ఉన్న ముగ్గు వైపు చూశాను. పిన్నీసు ఇస్తే, ఈ మనిషి నా తండ్రి అని మేనేజర్ సాబుకు తెలిసిపోతుంది. నా పక్కనున్న అమ్మాయి తన పిన్నీసు తీసి ఇచ్చింది. బాపు ఆ మొనతో పోగు పోగు సడలించి విప్పాడు. పూలరేకులన్నీ ఆయన పాదాల మీద, బురదలో పడ్డాయి. విప్పిన జెండాను ఎగరేశారు, పాట పాడారు. తర్వాత నేను వెళ్ళి మాట్లాడాను. ఒక్క ముక్క తప్పలేదు. కాషాయం త్యాగం అన్నాను, తెలుపు సత్యం అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. అంత బాగా మాట్లాడినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

వెళ్ళేటప్పుడు ఎవరో పెద్దమనిషి, "ఏమయ్యా, జెండాను బాయిలకు దించుతున్నవనుకున్నవా?" అన్నాడు. అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వినట్టు ముఖం పెట్టాడు. ఆ వారమంతా బళ్ళో నా పేరు పీటముడి.

ఆ సాయంత్రం బాపు అరుగు మీద కూర్చుని నన్ను పిలిచాడు. తిడతాడనుకున్నాను.

"నిన్న నేను కడ్తాంటే సూసినవా?"

"సూసిన."

"తప్పని ఎర్కేనా?"

నేను తల ఊపాను.

"మరెందుకు చెప్పకపోతివి?"

పిన్నీసు గురించి అడుగుతాడేమోనని భయపడుతున్నాను కానీ ఆయన దాని ఊసే ఎత్తలేదు. "బాయిల గిట్ల సూసి చెప్పకుంటే మనిషి పోతడు బిడ్డా" అన్నాడు. గొంతు పెంచలేదు. తర్వాత కాసేపటికి, "నాకు నేర్పు" అన్నాడు.

అలా నా మొదటి విద్యార్థి మా బాపు. ఫస్టు షిఫ్టు వారాల్లో, పొయ్యి మీద అన్నం ఉడికేలోపు పాఠం. జెండా బదులు ఆయన తువ్వాల, జెండా తాడు బదులు నులకమంచం తాడు. బతుకమ్మ పండుగ వచ్చేసరికి మిగిలిన గునుగు పూలు, తంగేడు రేకులు తువ్వాలలో మడిచి కట్టేవాళ్ళం. లాగినప్పుడు ముడి విడిపోతే పూలు రాలాలి. రాలలేదు. తిప్పడం వచ్చు, మడవడం వచ్చు, దోపడం వచ్చు. దోపగానే ఆయన బొటనవేలు తనంతట తానే కొసను లాగి ఇంకో చుట్టు వేసేది.

"అదిగో, మళ్ళ ఏసినవ్!"

"నేనెయ్యలే. చేతులు ఇంటలేవు బిడ్డా" అనేవాడు, తన చేతులను ఎవరివో చూసినట్టు చూసుకుంటూ.

అవ్వకు ఇదంతా వేడుక. తువ్వాల దొరక్క ఓరోజు తన కొంగు కొసే అడిగితే, "అమ్మో, ఇయ్య! ఇగ నేను నీళ్ళకు గూడ నీ ఎన్కనే రావాల్సొస్తది" అంది. ఎదురింటి కాక తన అరుగు మీద నుంచి చూస్తుండేవాడు. అందరితో పరాచికాలాడే మనిషి, ఆ పాఠం జరిగేటప్పుడు మాత్రం ఒక్క మాటా అనేవాడు కాదు.

జనవరి వచ్చింది. ఇళ్ళల్లో సకినాల నూనె వాసన పోయి, మళ్ళీ బళ్ళో రంగుకాగితాలకు మైదా జిగురు ఉడుకుతున్న వాసన మొదలైంది. డ్రిల్లు సారు నయమై వచ్చేశాడు. ఇక బాపు అవసరం ఎవరికీ లేదు. పండుగ ముందు రోజు ఆయనే పెద్దసారు గదికి వచ్చి నిలబడ్డాడు. నేను బయట జిగురు పూస్తున్నాను.

"సారూ, ఇంకొక్కపారి నాకియ్యుండ్రి" అన్నాడు.

పెద్దసారు ఇబ్బంది పడ్డాడు. మంచివాడే, కానీ ఆగస్టు చెమట ఇంకా ఆరలేదు. "ఎందుకయ్యా, పోయినసారి అయింది చాలదా? మళ్ళ మేనేజర్ సాబు ముందట..." అని ఆగాడు.

బాపు బతిమాలలేదు, కదలనూ లేదు. ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి అలా నిలబడి ఉండటం చూడలేకపోయాను. చేతుల నిండా జిగురుతో లోపలికి వెళ్ళాను.

"మా బాపుకు వస్తది సార్. నేనే నేర్పిన. కట్టేటప్పుడు నేను పక్కన ఉంట" అన్నాను.

"ఈయన మీ నాయినా?" అన్నాడు డ్రిల్లు సారు.

"అవ్ సార్, మా బాపు" అన్నాను. ఆగస్టులో అనాల్సిన మాట జనవరిలో అన్నాను.

పెద్దసారు నా జిగురు చేతుల్ని, బాపునూ మార్చి మార్చి చూశాడు. "సరే, పూచీ నీదే" అన్నాడు.

బల్ల మీద జెండా పరిచారు. చలికాలం కనుక ఈసారి నడిమి పట్టీ తొందరగానే ఆరి, నిజంగా తెల్లగా ఉంది. బాపు తిప్పాడు, మడిచాడు, దోపాడు. బొటనవేలు కదిలింది. కొస ఇంకో చుట్టు తిరిగింది. డ్రిల్లు సారు చూస్తున్నాడు, పెద్దసారు చూస్తున్నాడు, గుమ్మంలో కాక చంక కర్ర మీద ఆనుకుని చూస్తున్నాడు.

"బాపూ, ఒక చుట్టు ఎక్కువైంది" అన్నాను.

ఆయన ఆగి చూసుకున్నాడు. విప్పాడు. మళ్ళీ మొదటి నుంచి తిప్పి, మడిచి, దోపి, ఈసారి రెండు చేతులూ ఒక్కసారిగా తీసేసి వీపు వెనక కట్టుకున్నాడు.

మర్నాడు మేనేజర్ సాబు తాడు పట్టుకున్నాడు. ఆగస్టు సంగతి ఆయనకూ గుర్తున్నట్టుంది, కాళ్ళు దూరం పెట్టి గట్టిగా నిలబడ్డాడు. అంత అవసరం లేకపోయింది. ఇలా లాగాడో లేదో ముడి జారింది, జెండా విచ్చుకుంది, బంతిరేకులు గాలిలో తిరుగుతూ పడ్డాయి. పిల్లలంతా ఓ అని అరిచారు. అందరూ పైకి చూస్తున్నారు. నేను బాపు వైపు తిరిగాను, నవ్వుతాడేమోనని.

ఆయన జెండా వంక చూడటం లేదు. జారుతున్న తాడు వంక చూస్తున్నాడు. ఒక అడుగు ముందుకు పడింది. రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాయి, మీద పడబోయేదాన్ని దేన్నో పట్టుకోవడానికి. కాక ఒంటికాలి మీద గబగబా కర్ర వేసుకుంటూ వచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు. "ఏం గాలే అన్నా. పువ్వులే. పువ్వులే పడ్డయి" అన్నాడు.

ఆ మధ్యాహ్నం కాకకు బూందీ ఇవ్వడానికి వెళ్ళి, బాపుకు ఏమైందని అడిగాను. ఆయన గంట కొట్టే సుత్తిని గుడ్డతో తుడుస్తూ చెప్పాడు.

"నా కాలు పోయిన్నాడు ముడేసింది మీ బాపే. మీదికెల్లి జల్ది జల్ది అని మొత్తుకుంటున్నరు. ఒక్క చుట్టు తక్కువైంది, గంతే. పంపు నా దిక్కు జారుతుంటే ఉత్త చేతులు అడ్డం పెట్టిండు. గంత బరువు చేతులకు ఆగుతదా? గప్పటి సంది ఆ చేతులు ఎప్పుడూ ఒక్క చుట్టు ఎక్కువనే ఏస్తయి."

నల్లా దగ్గరి బిందెలు గుర్తొచ్చాయి. "నీకు కోపం లేదా కాకా?" అన్నాను.

"కోపముంటే ఆయన తెచ్చిన నీళ్ళు తాగుదునా బిడ్డా?" అని బూందీ నోట్లో వేసుకున్నాడు.

సాయంత్రం పొద్దు కుంకే ముందు జెండా దించడానికి బాపు, నేను వెళ్ళాం. నెమ్మదిగా దించాడు. నాలుగు మడతలు పెట్టి నా చేతుల్లో పెట్టాడు. ఎందుకు కట్టడానికి మళ్ళీ వచ్చావని నేను అడగలేదు. తన చేతుల్లో ముడి విడిపోయినా మనిషికేమీ కాని రోజు ఒకటి ఆయనకు కావాల్సి వచ్చిందేమో. అది దొరికిందో లేదో నాకు తెలియదు.

"ఇగ నాతోని గాదు బిడ్డా. ఇప్పటిసంది నువ్వే కట్టు" అన్నాడు.

కట్టాను. ఆ తర్వాతి ఆగస్టు నుంచి ఆ బళ్ళో ఉన్నన్నాళ్ళూ, ఆ తర్వాత పనిచేసిన ప్రతి బళ్ళో, ఇప్పుడు ఈ అపార్టుమెంట్లో. బాపు లేడు, కాక లేడు. ఆ బడి ఉన్నచోట బొగ్గు కోసం నేలంతా తవ్వేశారని విన్నాను. కొయ్య నాటిన చోటు కూడా మిగిలి ఉండదు.

కట్టిన ముడి ఒకసారి విప్పి చూసుకుంటాను, ఒక చుట్టు ఎక్కువైందేమోనని. తీరా తాడు లాగాక అందరూ పైకి చూస్తారు, నేను చూడను. ముడి జారిన ప్రతిసారీ నా చేతులు నాకు తెలియకుండానే కొంచెం ముందుకు వస్తాయి. పోయిన ఆగస్టులో కూడా వచ్చాయి. నాలుగు బంతిరేకులు అరచేతుల్లో పడితే, ఆ పిల్ల వచ్చి అడిగి తీసుకుపోయింది.